అమ్మానాన్నలతో అలాస్కా: ఓడ ప్రయాణం, డెనాలి యాత్ర రెండూ కలిపి ఎలా వేసుకోవాలి?

గోదావరి గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము డల్లాస్‌లో ఉంటున్నాము. వచ్చే వేసవిలో మా అమ్మ, నాన్నగారు రాజమండ్రి నుంచి బి-2 (సందర్శక) వీసా మీద వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంటారు. నాన్నగారు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. హిమానీనదాల పాఠం బోర్డు మీద బొమ్మ గీసి ఎన్నో తరాల పిల్లలకు చెప్పిన ఆయన ఇంతవరకూ ఒక్క హిమానీనదాన్ని కూడా కళ్లతో చూడలేదు. అందుకే ఈసారి డిస్నీ, నయాగరా కాకుండా ఆయనను అలాస్కా తీసుకువెళ్లాలని నేనూ మావారూ అనుకున్నాము.

జూన్‌లో పిల్లల బడికి సెలవులు ఇవ్వగానే బయలుదేరాలని ఉద్దేశం. ఒక వారం ఓడలో, మరికొన్ని రోజులు అలాస్కాలోని ఆంకరేజ్ నగరం, డెనాలి పర్వతం ఉన్న జాతీయ ఉద్యానవనం వైపు నేల మీద గడపాలని ఉంది. కొందరు సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగే ఓడ తేలిక అంటున్నారు, కొందరు కెనడాలోని వాంకూవర్ నుంచి ఒక వైపు మాత్రమే వెళ్లే ఓడ మేలంటున్నారు. మావారిది హెచ్-1బి (ఉద్యోగ వీసా), నాది హెచ్-4 (ఆయన మీద ఆధారపడిన వీసా), పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పుల వల్ల అరమైలు నడిస్తే కూర్చోవాల్సి వస్తుంది. అమ్మ గుడ్డు కూడా ముట్టని శాకాహారి, పైగా సముద్రం అంటే భయం. ఇలాంటి కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్లినవారు ఎవరైనా ఉంటే, ఏ దారి ఎంచుకోవాలో, దేనికి ముందు పూనుకోవాలో దయచేసి చెప్పండి.

సియాటిల్ వాసి

నమస్కారం అండీ. టికెట్ల కన్నా ముందు కాగితాల సంగతి చూసుకోండి, ఎందుకంటే మీ కుటుంబంలో పెద్దవాళ్లది, మీ ఇద్దరిది, పిల్లలది మూడు రకాల పరిస్థితి.

పెద్ద ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండాతో నడుస్తాయి. అలాంటి ఓడ ప్రయాణికులను ఒక అమెరికా రేవు నుంచి మరో అమెరికా రేవుకు నేరుగా చేరవేయకూడదని 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. సియాటిల్ నుంచి బయలుదేరే ఓడలు తిరుగు దారిలో సాయంత్రం పూట కొన్ని గంటలైనా కెనడాలోని విక్టోరియాలో ఆగేది ఈ చట్టం వల్లనే. కాబట్టి సియాటిల్ దారి పట్టినా, వాంకూవర్ దారి పట్టినా మీ అమ్మగారికి, నాన్నగారికి, మీ ఇద్దరికీ కెనడా సందర్శక వీసా కావాలి. విక్టోరియాలో ఓడ దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా అది లేకుండా ఓడ ఎక్కనివ్వరు. గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రం ఆ కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు ఉంటే ఆ వీసా అక్కరలేదు. పిల్లలు అమెరికా పౌరులు గనుక సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడకు జనన ధ్రువపత్రం సరిపోతుంది, కానీ ఒక వైపు ఓడకు, కెనడా నుంచి విమానంలో తిరిగి రావడానికి పాస్‌పోర్టు తప్పనిసరి.

పెద్దవాళ్ల కెనడా వీసాకు వాళ్లు ఇండియాలో ఉండగానే దరఖాస్తు చేయించండి. ఇక్కడికి వచ్చాక కూడా చేయవచ్చు, వేలిముద్రలు ఇవ్వడానికి అమెరికాలో కూడా ఏర్పాటు ఉంది, కానీ వీసా స్టాంపు కోసం పాస్‌పోర్టు చేతిలోంచి వెళ్లిపోతుంది, అది తిరిగి వచ్చేదాకా అందరికీ బెంగ. వాళ్ల బి-2 వీసా అనేక ప్రవేశాలకు వీలున్నదై, గడువు మిగిలి ఉంటే తిరిగి రావడానికి ఇబ్బంది ఉండదు. అయితే కెనడా వెళ్లి వచ్చినంత మాత్రాన ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే నమోదు) గడువు పెరుగుతుందని లెక్క వేసుకోకండి. మీ ఇద్దరి పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉన్నా, ఐ-94 చెల్లుబాటులో ఉండి, కెనడాలో ముప్పై రోజులకు మించకుండా ఉండి, అక్కడ కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేయకుండా ఉంటే తిరిగి రావడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉంది. అయినా బయలుదేరే ముందు మీ కంపెనీ లాయరును ఒకసారి అడిగి వెళ్లండి. వాంకూవర్ విమానాశ్రయంలో అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ విమానం ఎక్కకముందే అక్కడే జరిగిపోతుంది గనుక తిరుగు ప్రయాణం రోజు కాస్త ఎక్కువ సమయం చేతిలో ఉంచుకోండి.

ఉత్తరపు గాలి

నేను చాలా కాలంగా ఆంకరేజ్‌లో ఉంటున్నాను, ఇండియా నుంచి వచ్చే మా బంధువులను ఈ దారుల్లో తిప్పుతూనే ఉంటాను. మీ నాన్నగారి గురించి చదివాక వివరంగా రాయాలనిపించింది.

సియాటిల్ నుంచి సియాటిల్‌కు వెళ్లే ఓడ తీరప్రాంతాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆంకరేజ్, డెనాలి కూడా చూడాలంటే మళ్లీ విమానం ఎక్కి రావాలి. మీకు ఒక వైపు ఓడే సరైనది. అందులోనూ నేలయాత్ర ముందు, ఓడ తరువాత పెట్టుకోండి. డల్లాస్ నుంచి ఆంకరేజ్‌కు విమానంలో వచ్చి, డెనాలి చూసుకుని, విట్టియర్‌లోనో సివార్డ్‌లోనో ఓడ ఎక్కి వాంకూవర్‌లో దిగడం. డెనాలి వైపు తెల్లవారుజామున లేవడం, సామాన్లు సర్దడం, బస్సులో గంటల తరబడి కూర్చోవడం ఉంటాయి. ఓడ ఎక్కాక పెట్టె ఒక్కసారి విప్పితే మళ్లీ దిగేదాకా కట్టనక్కరలేదు. పెద్దవాళ్లకు అలసట మొదట, విశ్రాంతి తరువాత ఉండటమే బాగుంటుంది.

ఇక హిమానీనదాలు. ఓడ ఎంచుకునేటప్పుడు దాని ప్రయాణ పట్టికలో గ్లేసియర్ బే జాతీయ ఉద్యానవనం పేరు ఉందో లేదో చూడండి. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలను మాత్రమే అనుమతిస్తారు, అందుకని అన్ని ఓడలూ వెళ్లవు. వెళ్లిన ఓడలోకి ఉద్యానవనం రేంజర్లు పడవలో వచ్చి ఎక్కి రోజంతా వివరిస్తారు. మీ నాన్నగారు వాళ్లను వదిలిపెట్టరని నా నమ్మకం. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ బృందం ఈ తీరాన్ని కొలిచినప్పుడు అక్కడ అఖాతం దాదాపు లేనట్టే, ముఖద్వారం దగ్గరే మంచు గోడ నిలబడి ఉంది. 1916 నాటికి ఆ మంచు సుమారు 65 మైళ్లు వెనక్కి జరిగింది. అంటే ఓడ వెళ్లే నీటిదారి మొత్తం కొద్ది తరాల క్రితం హిమానీనదం కింద ఉన్నదే. ముఖద్వారం దగ్గర దట్టమైన పెద్ద చెట్లు, లోపలికి వెళ్లేకొద్దీ పొదలు, చివరకు నాచు కూడా సరిగా పట్టని రాయి, ఇలా మంచు వదిలిన నేల మీద ప్రాణం ఏ క్రమంలో వస్తుందో ఒకే రోజులో కనబడుతుంది. మార్జరీ హిమానీనదం ముందు ఓడ చాలాసేపు నిలిచి మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. అందువల్ల బాల్కనీ ఏ పక్కన ఉన్నా ఫరవాలేదు.

నేల మీద కూడా ఆయనకు ఒకటి చూపించండి. సివార్డ్ దగ్గరి ఎగ్జిట్ గ్లేసియర్‌కు వెళ్లే దారి పొడవునా మంచు అంచు ఏ సంవత్సరంలో ఎక్కడ ఉండేదో తెలిపే పలకలు పాతారు. మొదటి భాగం చక్రాల కుర్చీ కూడా వెళ్లగలిగేంత చదునుగా ఉంటుంది. ఆంకరేజ్ నుంచి 127 మైళ్లు, సముద్రపు పాయ వెంబడి సాగే దారి అందంగా ఉంటుంది.

డెనాలికి కనీసం రెండు రాత్రులు ఇవ్వండి. 6,190 మీటర్ల ఆ శిఖరం తన మబ్బులను తానే తయారు చేసుకుంటుంది. వేసవిలో వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికే అది పూర్తిగా కనబడుతుందని ఇక్కడ అందరూ చెప్పే మాట. ఉద్యానవనంలో ఉన్నది 92 మైళ్ల రోడ్డు ఒక్కటే, సొంత కార్లను 15వ మైలు దాకానే రానిస్తారు, ఆపైన బస్సులే. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ దగ్గర కొండచరియ జారడం ఎక్కువై 43వ మైలు తరువాత రోడ్డు మూసేశారు, అక్కడ వంతెన కడుతున్నారు. మీరు వచ్చే వేసవికి బస్సులు ఎంతదూరం వెళ్తాయో ఉద్యానవనం వెబ్‌సైటులో చూసి బుక్ చేసుకోండి. బస్సు కిటికీలోంచే ఎలుగుబంట్లు, దుప్పిజాతి మూస్, కారిబూ అనే జింకలు, తెల్లని డాల్ గొర్రెలు కనబడతాయి గనుక మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇంతకన్నా అనువైన అడవి యాత్ర లేదు.

ఆంకరేజ్ నుంచి డెనాలికి కారులో 237 మైళ్లు, నాలుగైదు గంటలు. అలాస్కా రైల్‌రోడ్ రైలులో దాదాపు ఎనిమిది గంటలు. ఒక వైపైనా రైలులో వెళ్లండి, లేచి అటూ ఇటూ తిరగవచ్చు, పైకప్పు కూడా గాజుదైన బోగీలు ఉన్నాయి. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా వంటి సంస్థలు ఓడ, లాడ్జీ, రైలు అన్నీ కలిపి ఒకే టికెట్టుగా అమ్ముతాయి. సామాను వాళ్లే చేరవేస్తారు, కానీ వాళ్ల వేళలకు మనం తలొగ్గాలి. ఆరుగురు ఉన్నారు గనుక వ్యాన్ అద్దెకు తీసుకుని సొంతంగా తిరగడమే మీకు నయమని నా అభిప్రాయం. విట్టియర్‌లో ఓడ ఎక్కేటట్లయితే దారిలో రెండున్నర మైళ్ల సొరంగం వస్తుంది. రైళ్లకూ కార్లకూ ఒకటే వరుస, వంతులవారీగా ఒక్కో దిక్కుకు వదులుతారు. ఒక వంతు తప్పితే తరువాతి దాని కోసం నిలబడాల్సి వస్తుంది కాబట్టి వేళలు ముందే చూసుకోండి.

గోదావరి గట్టు

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఎగ్జిట్ గ్లేసియర్ పలకల సంగతి ఫోన్‌లో చదివి వినిపిస్తే నాన్నగారు వెంటనే అట్లాసు తీశారు. కెనడా వీసా పని ఈ వారమే మొదలుపెడుతున్నాము. ఇక మిగిలినవి అమ్మ భోజనం, సముద్రపు కుదుపులు, చలి. ఓడ ఆగే ఊళ్లలో ఏవి ఎంచుకోవాలో కూడా చెబితే మేలు.

విశాఖ అలలు

మేము మా అత్తగారిని, మామగారిని తీసుకుని ఇదే దారిలో వెళ్లివచ్చాము, అందువల్ల భోజనం సంగతి నేను చెప్పగలను.

టికెట్టు కొన్న వెంటనే ఓడ సంస్థకు భారతీయ శాకాహారం కావాలని, గుడ్డు కూడా వద్దని రాతపూర్వకంగా తెలపండి. ఎక్కిన రోజు సాయంత్రం భోజనశాల పెద్దను స్వయంగా కలిసి మరునాటి వంట ఏమిటో మాట్లాడుకోండి. వంటవాళ్లలో, వడ్డించేవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉంటారు, అన్నం, పప్పు, ఒక కూర అడిగితే ప్రేమగా చేసి పెడతారు. రైస్ కుక్కర్, విద్యుత్ కెటిల్ వంటి వేడిచేసే వస్తువులు ఓడలోకి రానివ్వరు, పెట్టెలో దొరికితే దిగేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు. కందిపొడి, కారప్పొడి వంటివి కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకువెళ్లండి. అసలు ఇబ్బంది డెనాలి వైపే. అక్కడ మన భోజనం దొరకడం కష్టం గనుక ఆంకరేజ్‌లోనే బియ్యం, పెరుగు, కూరగాయలు కొనుక్కుని, వంటగది ఉన్న బస తీసుకోండి. అక్కడ మీ కుక్కర్‌కు ఎవరూ అడ్డు చెప్పరు, ఓడ ఎక్కే ముందు దాన్ని ఏం చేయాలో మాత్రం ఆలోచించుకోండి.

సముద్రం గురించి అమ్మగారికి ధైర్యం చెప్పండి. ప్రయాణంలో ఎక్కువ భాగం దీవుల చాటున సాగుతుంది, అక్కడ ఓడ కదులుతున్నట్టే తెలియదు. విట్టియర్ నుంచి ఆ దీవుల చాటుకు చేరేముందు అలాస్కా సింధుశాఖ దాటే భాగంలో మాత్రం కుదుపులు ఉండవచ్చు. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో గది తీసుకుంటే ఊపు తక్కువ. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర కుదుపు మొదలయ్యాక కాక ముందే వేసుకోవాలి. ఆవిడ బీపీ మందులతో అది పడుతుందో లేదో మీ డాక్టరును అడగండి.

జూన్‌లో తీరం వెంబడి పగటి పూట 10 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది, అది భయపడాల్సిన చలి కాదు. ఇబ్బంది పెట్టేది వాన, మంచు మీదుగా వచ్చే గాలి. ఓడ ఆగే ఊళ్లలో ఒకటైన కెచికాన్‌లో ఏడాదికి దాదాపు 150 అంగుళాల వర్షం పడుతుంది. మా అత్తగారు చీర మానలేదు, లోపల థర్మల్, కాళ్లకు ఉన్ని సాక్సులు, బూట్లు, పైన టోపీ ఉన్న వాన జాకెట్ వేసుకున్నారు, హాయిగా తిరిగారు. శాలువా ఒక్కటే సరిపోదు, తడిస్తే బరువెక్కుతుంది. పిల్లలకు జీన్స్ కూడా వద్దు, తడిస్తే త్వరగా ఆరవు. మంకీ టోపీలు తప్పకుండా పెట్టుకోండి. జూన్‌లో రాత్రి చాలా పొద్దుపోయేదాకా వెలుతురు ఉంటుంది, నిద్రకు కళ్లగంతలు అవసరమవుతాయి. డెనాలి వైపు దోమల మందు మరువకండి.

ఊళ్లలో ఒక్కో చోట ఒక్కటే పెట్టుకోండి. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు తప్పనిసరి. బంగారం వేటకు వచ్చినవారి కోసం 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన న్యారోగేజి లైను అది. సముద్రమట్టం నుంచి 20 మైళ్లలో సుమారు 2,900 అడుగులు ఎక్కుతుంది. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఎక్కినవారికి ఆ వంపులు, సొరంగాలు, కిందకు చూస్తే లోయ, అన్నీ తెలిసినట్టే ఉంటాయి, కాకపోతే ఇక్కడ కొండ మీద ఇంకా మంచు ఉంటుంది. జూనోలో తిమింగలాలను చూపించే పడవ ఎక్కండి. శీతకాలం హవాయి వైపు గడిపిన హంప్‌బ్యాక్ తిమింగలాలు వేసవిలో మేత కోసం ఈ నీళ్లకు వస్తాయి. పడవ చిన్నది, లోపల వెచ్చగా కూర్చునే వీలు ఉంటుంది. కెచికాన్‌లో అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ ప్రజల టోటెమ్ స్తంభాలు (బొమ్మలు చెక్కిన చెట్టు మానులు) పిల్లలకు నచ్చుతాయి. తీరంలో మీ నాన్నగారు ఓడలోనే విశ్రాంతి తీసుకుంటానంటే బలవంతం చేయకండి, ఖాళీ అయిన ఓడలో పై అంతస్తు నుంచి కొండలు చూడటం కూడా గొప్పగానే ఉంటుంది.

సియాటిల్ వాసి

ఇన్సూరెన్సు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. పెద్దవాళ్ల కోసం తీసుకునే విజిటర్ పాలసీ కెనడాలోనూ, సముద్రం మీదా వర్తిస్తుందో లేదో కాగితంలో చదవండి, చాలా పాలసీలు అమెరికా నేలకే పరిమితం. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఆ బిల్లు ముందు మీ గది ఖాతాలో పడుతుంది, తరువాత మీరు తిరిగి రాబట్టుకోవాలి. రేవు ఊళ్లు చిన్నవి, జూనోకు బయటి నుంచి రోడ్డే లేదు, పరిస్థితి తీవ్రమైతే విమానంలో ఆంకరేజ్‌కో సియాటిల్‌కో తరలిస్తారు. కాబట్టి అత్యవసర తరలింపు ఖర్చు భరించే పాలసీ విడిగా తీసుకోండి. ఇద్దరి మందులూ ప్రయాణానికి కావలసిన దానికన్నా ఒక వారం ఎక్కువగా, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే ఉంచండి. ఓడ ఎక్కే రోజు పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.