కెరెన్‌లో సవోయా గ్రెనేడియర్లు అన్నాళ్లు ఎలా నిలబడ్డారు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): ద్వారకానగర్ లైబ్రరీలో ఎరిత్రియా యుద్ధం గురించి మాట్లాడాలండి. ఇటలీ 65వ డివిజన్ (సవోయా గ్రెనేడియర్లు) మొత్తం అక్కడి కెరెన్ పట్టణంలోనే ఉందా? 1941 ఫిబ్రవరి 3 నుంచి మార్చి 27 దాకా బ్రిటిష్ సైన్యానికి ఎదురుగా ఎలా నిలబడ్డారు?

జవాబు (గాజువాక): మొత్తం డివిజన్ అని మాత్రం చెప్పకండి. అప్పటికి ఇటలీ డివిజన్లలో రెండేసి పదాతి రెజిమెంట్లే. సవోయాకు 10వ, 11వ రెజిమెంట్లు. అడిస్ అబాబా నుంచి ముందుగా హుటాహుటిన వచ్చింది 11వది. అక్కడ సగం బరువు మోసింది ఇటలీ వలస సైన్యంలోని ఎరిత్రియన్ దళాలే, వాళ్లను మర్చిపోతుంటారు. అక్కడ అందరిమీదా సేనాధిపతి జనరల్ కార్నిమెయో.

జవాబు (భీమిలి): అసలు కిటుకు దొంగొలాస్ కనుమ. రోడ్డు, రైలు రెండూ ఆ ఇరుకులోంచే పోవాలి. ఇటాలియన్లు కొండచరియలు పేల్చి రోడ్డును బండలతో మూసేశారు, ట్యాంకులు వెనకే ఉండిపోయాయి. ఇక బ్రిటిష్ వైపు 4వ, 5వ భారత డివిజన్ల జవాన్లు నీళ్లు, తూటాలు మోసుకుంటూ ఎక్కాల్సిందే. కైలాసగిరి దీని ముందు లెక్కే కాదు. పైకి చేరేసరికి ఆయాసం, సరిగ్గా అప్పుడే చేతిబాంబులు, వెంటనే ఎదురుదాడి. సుబేదార్ రిచ్‌పాల్ రామ్‌కు మరణానంతరం విక్టోరియా క్రాస్ వచ్చింది ఇక్కడి పోరుకే.

జవాబు (గాజువాక): మలుపు మార్చి 16, కనుమను కాసే డొలొగొరొడాక్ కోట ఇటాలియన్ల చేయి జారింది. దాన్ని తిరిగి పట్టాలని పదే పదే దాడిచేసి ఇటాలియన్లు తమ బలాన్నే కరగదీసుకున్నారు. 17న ఇటలీ జనరల్ లోరెంజినీ చనిపోయాడు. తర్వాత సాపర్లు (సైనిక ఇంజినీర్లు) రోడ్డు మీది బండలు తొలగించారు, 27న ట్యాంకులు కెరెన్‌లోకి వెళ్లాయి. స్లైడులో ఎత్తు గీతలున్న మ్యాపే పెట్టండి, చదును మ్యాపుతో ఎవరికీ అర్థం కాదు.