150ఎంఎం న్యూటోనియన్ టెలిస్కోపుకి ఫోకసర్ మార్చాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

బెజవాడ_డాబా:
అందరికీ నమస్తే. నా దగ్గర 150ఎంఎం ఎఫ్5 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోపు) ఉందండి, ఫోకల్ లెంత్ 750ఎంఎం (దాన్ని 150తో భాగిస్తే వచ్చే 5నే ఎఫ్5 అంటారు), ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం తిరుగుడు వెంట తిప్పే స్టాండు) మీద. అద్దాలతో ఏ ఇబ్బందీ లేదు, గురుడి మీద పట్టీలు రెండూ చక్కగా కనపడతాయి, చందమామ అయితే చెప్పక్కర్లేదు. గొడవంతా ఫోకసర్‌తోనే, అంటే ఐపీస్‌ని లోపలికీ బయటికీ జరిపి ఫోకస్ చేసే గొట్టంతోనే. కంపెనీ ఇచ్చింది 1.25 అంగుళాల ప్లాస్టిక్ ర్యాక్ అండ్ పినియన్ (నాబ్ తిప్పితే పళ్ల చక్రం పళ్ల పట్టీని నడిపే రకం). 10ఎంఎం ఐపీస్ ఒక్కటే పెడితే ఎలాగోలా సర్దుకుపోవచ్చు, దానికి 2ఎక్స్ బార్లో (రెట్టింపు చేసే లెన్సు) తగిలించి 150 రెట్లకి వెళ్తే మాత్రం నరకం. నాబ్ ముట్టుకుంటే గురుడు గంతులేస్తాడు, ఫోకస్ వచ్చినట్టే వచ్చి దాటిపోతుంది, వెనక్కి తిప్పితే బొమ్మ పక్కకి జరిగి ఫీల్డ్ అంచుకి పోతుంది. ఇంకోటి, మా తమ్ముడి కెనాన్ డీఎస్ఎల్ఆర్ తగిలిస్తే ఫోకసర్ పూర్తిగా లోపలికి దించినా ఫోకసే రావట్లేదు.

అందుకని 2 అంగుళాల డ్యూయల్ స్పీడ్ క్రేఫర్డ్ (మెల్లగా నడిపే రెండో నాబ్ కూడా ఉండే, పళ్లు లేని ఫోకసర్) కొందామనుకుంటున్నా. బయటినుంచి తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి స్కోపు ఖరీదులో సగం దాకా అవుతోంది, ఇంట్లో ఏం చెప్పాలో తెలీట్లేదు. కొంటే పై రెండు గొడవలూ తీరతాయా? ట్యూబుకి రంధ్రం పెద్దది చేయాలంటున్నారు, అది ఇంట్లో అయ్యే పనేనా?

పిల్లలకోడి:
డబ్బులు తీసే ముందు ఒక పరీక్ష చేయండి. మీరు చెప్పినవి ఒక రోగం కాదు, మూడు. గంతులేయడం వేరు, పక్కకి జరగడం వేరు, కెమెరాకి ఫోకస్ రాకపోవడం పూర్తిగా వేరు.

150 రెట్లలో ఒక నక్షత్రాన్ని మధ్యలో పెట్టుకుని, ఫోకసర్ జోలికి పోకుండా ట్యూబు మీద వేలితో చిన్నగా కొట్టి చూడండి. ఒకట్రెండు సెకన్లలో నిలబడిపోతే మౌంట్ బాగున్నట్టే. నాలుగైదు సెకన్లు ఊగుతూనే ఉంటే ఆ గంతులు మౌంట్‌వి, ట్రైపాడ్‌వి, వాటికి ఎంత ఖరీదైన ఫోకసర్ పెట్టినా ఊగుడు ఊగుడే. కాళ్లు పూర్తిగా బయటికి లాగకండి, మధ్యలో ఉండే ట్రే కింద ఇసక సంచి వేలాడదీయండి, సగం తగ్గుతుంది.

పక్కకి జరగడం మాత్రం ఫోకసర్ తప్పే. లోపల గొట్టానికి, బయట బాడీకి మధ్య సందు ఎక్కువ, ఆ సందుని కంపెనీవాళ్లు చిక్కటి గ్రీజుతో కప్పెట్టి పంపిస్తారు. ఆ గ్రీజు చలికి జిగురులాగా అవుతుంది, మన ఎండాకాలంలో జారిపోతుంది. ఏం చేయాలంటే, నాబ్ ఇరుసు మీద ఉండే చిన్న రేకు మూత స్క్రూలు విప్పితే పినియన్ ఊడి వస్తుంది, గొట్టం బయటికి లాగేయొచ్చు. విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. పాత గ్రీజు మొత్తం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి, ప్లాస్టిక్ బాడీ కాబట్టి పెట్రోలు, థిన్నరు వాడొద్దు. పళ్లకి ఎదురువైపు, గొట్టం ఆనుకునే చోట, పలచటి టెఫ్లాన్ షీటు ముక్కలు రెండు పొడుగ్గా కత్తిరించి అంటించండి. ప్లంబర్ టేపు కాదు, అది పొరలు పొరలుగా ఊడొస్తుంది. షీటు దొరక్కపోతే స్టేషనరీ షాపులో అమ్మే ప్లాస్టిక్ ఫైలు అట్ట కూడా పనికొస్తుంది. గొట్టం వేలితో తోస్తే కదలాలి గానీ అటూ ఇటూ ఆడకూడదు, అంత బిగువు చాలు. పళ్లకి తెల్ల లిథియం గ్రీజు, అదీ అగ్గిపుల్ల చివరంత.

తర్వాత నాబ్‌కి ఒక బట్టల క్లిప్పు తగిలించండి. నవ్వకండి, నిజంగానే. క్లిప్పు చివర పట్టుకుని తిప్పితే నాబ్ వ్యాసం నాలుగింతలు అయినట్టు, చెయ్యి బరువు కూడా స్కోపు మీద పడదు. ఫైన్ ఫోకస్ అంటే అదే, ఖర్చు సున్నా.

లేతు_బాలానగర్:
అన్న చెప్పింది కరెక్టే గానీ డ్యూయల్ స్పీడ్‌ని అంత తీసిపారేయొద్దు. నేను బాలానగర్ల లేతు పనే చేస్త, నాకు ఇసొంటి ఫోకసర్లు రిపేరుకి వస్తయి, జర లెక్క చెప్త. ఎఫ్5ల ఫోకస్ కుదిరే జాగా మొత్తం కలిపి సుమారు 0.07 మిల్లీమీటర్లు. ఎఫ్8 స్కోపుకి అదే 0.17 దాకా ఉంటది. మీ నాబ్ ఒక చుట్టు తిప్పితే గొట్టం రెండు సెంటీమీటర్లు నడుస్తదనుకో, 0.07 అంటే డిగ్రీ పైన కొంచెం, గంతే. చేతితోని డిగ్రీ తిప్పుడు ఎవరికి అయితది? 10:1 నాబ్, పది చుట్లు తిప్పితే ఒక చుట్టంత నడిపేది, ఉంటే గదే పన్నెండు డిగ్రీలైతది, ఆరాంగ దొరుకుతది. ఎఫ్ నంబరు తగ్గినకొద్దీ కష్టం వర్గం లెక్కన పెరుగుతది, అందుకే ఎఫ్8 వాళ్లకి మామూలు ఫోకసరే మస్తు అనిపిస్తది, వాళ్ల మాట వినొద్దు మీరు.

ఇంగ క్రేఫర్డే కావాలె అని ఎందుకు పట్టుకుంటరో నాకు సమజ్ కాదు. దాంట్ల పళ్లు ఉండయి, ఒక దిక్కు నాలుగు బేరింగులు, ఇంకో దిక్కు స్టీలు ఇరుసు గొట్టాన్ని ఒత్తుకుని రాపిడితోనే నడిపిస్తది. సందు లేదు, బొమ్మ జరగదు, డిజైను మాత్రం సూపర్. 1970ల మొదట్ల లండన్ దగ్గర క్రేఫర్డ్ ఆస్ట్రానమీ క్లబ్బుల జాన్ వాల్ అనేటాయన చేసి, పేటెంటు తీస్కోకుండ అందరికీ ఇచ్చేసిండు, అందుకే ఇయ్యాల తైవాన్ కంపెనీలు, చైనా కంపెనీలు అన్నీ చేస్తున్నయి. కానీ రాపిడితో నడిచేది కదా, డీఎస్ఎల్ఆర్ బరువు పడి స్కోపు పైకి ఎత్తితే సవక క్రేఫర్డు జారుతది. జారకుండ బిగిస్తే నాబ్ గట్టిగైతది. మంచి ర్యాక్ అండ్ పినియన్, ఏటవాలు పళ్లది, దానికంటె బరువు ఎక్కువ మోస్తది. ఫొటోల కోసం అమ్మే ఖరీదు స్కోపుల మీద చూడండి, ర్యాకు పళ్లవే చాలా ఉంటయి. పళ్లు ఉన్నయని చీప్ అనుకోవద్దు, ప్లాస్టిక్ ఉన్నదని అనుకో.

గొల్లకావడి:
బెజవాడ గారూ, కెమెరా సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అసలు ఖర్చు పెట్టాలా వద్దా తేలేది అక్కడే. కొత్త ఫోకసర్ ఎంత మెత్తగా తిరిగినా, అది మీ పాతదాని కంటే పొట్టిది కాకపోతే డీఎస్ఎల్ఆర్‌కి ఫోకస్ రాదు, రాదంతే. పైగా చాలా 2 అంగుళాల ఫోకసర్లు పాతవాటి కంటే ఎత్తుగా ఉంటాయి, కొని బిగించాక ఐపీస్‌కి కూడా రాక లబోదిబోమన్నవాళ్లున్నారు.

కొలత ఇంట్లోనే తీయొచ్చు. చందమామ ఉన్న రాత్రి ఐపీస్ తీసేసి ఫోకసర్ పూర్తిగా లోపలికి దించండి. ఒక ట్రేసింగ్ పేపరు ముక్క గొట్టం మూతి మీద పెట్టి మెల్లగా పైకి ఎత్తుతూ పోండి, ఒక ఎత్తు దగ్గర ఏడు మిల్లీమీటర్ల బుజ్జి చందమామ కాగితం మీద అచ్చు గుద్దినట్టు నిలబడుతుంది, మచ్చలతో సహా. మూతి నుంచి ఆ కాగితం దాకా ఎంతుందో స్కేలుతో చూడండి, అదే మీకున్న బ్యాక్‌ఫోకస్. కెనాన్ బాడీలో సెన్సర్ 44ఎంఎం లోపల ఉంటుంది, టీ రింగు (కెమెరాని ఫోకసర్‌కి తగిలించే రింగు) కలిపితే 55. అంటే బుజ్జి చందమామ కనీసం 55ఎంఎం ఎత్తులో రావాలి. మీకు 30 వచ్చిందనుకోండి, లోటు 25.

ఆ 25 రెండు రకాలుగా పూడ్చొచ్చు. పాతదాని కంటే అంత పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ ఫోకసర్ కొనడం ఒకటి. పెద్ద అద్దాన్ని పొడుగు బోల్టులతో 25ఎంఎం పైకి జరపడం రెండోది, ఇది చవక. కానీ అద్దం పైకి వస్తే వెలుతురు శంకువు సెకండరీ (వెలుతురుని ఫోకసర్ వైపు మళ్లించే చిన్న అద్దం) దగ్గర వెడల్పవుతుంది. సెకండరీ మధ్య నుంచి ఫోకస్ దాకా దూరం కొలిచి 5తో భాగించండి, ఇప్పుడు 195 ఉంటే 39ఎంఎం, 25 కలిపితే 44. ఇది ఫీల్డు నడిబొడ్డుకి మాత్రమే, అంచుల కోసం ఇంకొంచెం కావాలి. మీ సెకండరీ చిన్న వ్యాసం అంతకంటే తక్కువైతే 150ఎంఎం అద్దం కాస్తా చిన్నదైపోతుంది. పొట్టి ఫోకసర్‌తో ఈ తలనొప్పి లేదు, ఫోకస్ ఉన్నచోటే ఉంటుంది.

అయితే ఒకటి అడుగుతా, ఫొటోలు దేనికి? గ్రహాలకైతే డీఎస్ఎల్ఆర్ వద్దేవద్దు. 750 ఫోకల్ లెంత్‌లో గురుడి బొమ్మ సెన్సర్ మీద 0.16ఎంఎం, ఆవగింజలో పదో వంతంత. బార్లోతోనే తీయాలి, బార్లో పెడితే ఫోకస్ ఎలాగూ బయటికి జరుగుతుంది కాబట్టి మీ ఇబ్బంది ఉండదు. చిన్న ప్లానెటరీ కెమెరాలైతే ఐపీస్ దూరే చోటే దూరిపోతాయి, వాటికి ఈ 55 గొడవే లేదు. నెబ్యులాలు, గెలాక్సీలు తీయాలంటేనే పొట్టి ఫోకసర్ గురించి ఆలోచించండి, అప్పటికి మీ మౌంట్‌కి మోటారు కూడా కావాలి, ఆ లెక్క వేరే.

బెజవాడ_డాబా:
అందరికీ థాంక్స్ అండీ. నిన్న రాత్రి మబ్బు లేదు, రెండు పరీక్షలూ అయిపోయాయి. వేలితో కొడితే మూడు సెకన్లు పైనే ఊగింది, ఇసక సంచి కట్టాక రెండుకి దిగింది, అంటే గంతుల్లో మౌంట్ వాటా ఉంది. ట్రేసింగ్ పేపరు మీద చందమామ చూసి మా అబ్బాయి దాన్ని వదల్లేదు, వాడి చేతిలోంచి లాక్కుని కొలిస్తే మూతి నుంచి 32. అంటే లోటు 23. నేను చూస్తున్న క్రేఫర్డ్ స్పెసిఫికేషన్లో ఎత్తు చూస్తే పాతదాని కంటే 10ఎంఎం మాత్రమే పొట్టి, మిగతా 13 ఎక్కణ్ణుంచి తేవాలి! ఆర్డరు ఆపేశా. ప్రస్తుతానికి టెఫ్లాన్, క్లిప్పు. ఫొటోలు గ్రహాలకే, నెబ్యులాలు మా డాబా మీంచి ఎలాగూ రావు, ఎదురుగా వీధి లైటు.

కానీ ఎప్పటికైనా 2 అంగుళాలది పెడతా, కాబట్టి రంధ్రం సంగతి కూడా ఎవరైనా చెప్పెయ్యండి, సేవ్ చేసుకుంటా.

లేతు_బాలానగర్:
మంచి పని చేసినవ్. రంధ్రం సంగతి చెప్త. మొదలు పెద్దద్దం, సెకండరీ, స్పైడర్ (సెకండరీని పట్టుకునే కాళ్లు) అన్నీ తీసి డబ్బాల పెట్టు, ఇనుప పొడి ఒక్కటి అద్దం మీద పడ్డా గీత పోదు. కొత్త ఫోకసర్ అడుగు మీ ట్యూబు వంపుకి సరిపోతదో లేదో ముందే అడుగు, 8 అంగుళాల స్కోపు కోసం చేసిన అడుగు మీ సన్న ట్యూబు మీద అంచులకాడ ఎత్తుగ లేస్తది, దానికి వేరే బేస్ దొరుకుతది. కాగితం ట్యూబు చుట్టూ చుట్టి రంధ్రం గీసుకో, పాత రంధ్రం కేంద్రమే కొత్తదానికి కేంద్రం కావాలె. డ్రిల్లుకి హోల్ సా పెట్టి కోయకు, పలచటి రేకు పట్టుకుని చింపుతది. చుట్టూ చిన్న రంధ్రాలు వేసి, కలిపి, అర్ధచంద్రపు ఆకురాయితోని సాపు చెయ్యి. ఇనుప ట్యూబైతే అయస్కాంతం గుడ్డల చుట్టి లోపల మొత్తం తిప్పు, పొడి అంత పట్టుకొస్తది. కోసిన అంచుకి మ్యాట్ నలుపు రంగు వెయ్యకపోతే తుప్పు పడ్తది, మెరుపు కూడా కొడ్తది.

లోపలి దిక్కు రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ వంచి పెట్టి దానికి బోల్టులు బిగించు, లేకపోతే కెమెరా బరువుకి రేకు వంగుతది, కొలిమేషన్ (అద్దాల వరస కుదురు) గంటగంటకి పోతది.

గొల్లకావడి:
దీనికొకటి కలుపుతా. గొట్టం లోపలికి దించినప్పుడు దాని చివర వెలుతురు దారిలోకి పొడుచుకొస్తుందేమో చూడండి, వస్తే ప్రకాశమైన నక్షత్రాల్ని ఎలక కొరికినట్టు కనపడతాయి. ఫోకస్ కుదిరిన చోట గుర్తు పెట్టుకుని, పొడుచుకొచ్చిన ముక్క లేతు మీద కోయించేయడమే. ఆ తర్వాతే ఫోకసర్ ట్యూబుకి నిటారుగా కూర్చుందో లేదో చూడాలి. ట్యూబు లోపల ఎదురు గోడ మీద రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక చుక్క పెట్టి, సెకండరీ పెట్టకముందే లేజరు వేయండి, చుక్క మీద పడితే చాలు. పడకపోతే అడుగు కింద పలచటి వాషర్లు పెట్టి సర్దాలి. లేజరు సొంత కొలిమేషన్ బాగుందో లేదో కూడా ముందే ఫోకసర్లో గుండ్రంగా తిప్పి చూసుకోండి, తిప్పుతుంటే చుక్క సున్నా గీసిందంటే లేజరే వంకర.

పిల్లలకోడి:
టెఫ్లాన్ షీటు బీసెంట్ రోడ్ చుట్టుపక్కల వెతక్కండి, ఆటోనగర్‌లో గాస్కెట్లు కోసే షాపుల్లో తుక్కు ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు. అర మిల్లీమీటరుది అడగండి.