అతిథులకిచ్చే కాగితంలో "సగానికి అడగండి" అని రాయొచ్చా?

హుస్సేనీఆలం_పాతిల్లు:
మా తాతగారి ఇంట్లో రెండు గదులు ఊరు చూడటానికి వచ్చేవాళ్ళకు ఇస్తున్నాను. చార్మినార్ నడిచి పోయేంత దూరమే. దిగగానే అందరి చేతికీ ఒక కాగితం ఇస్తాను. మొన్న పక్కింటాయన అది చదివి మండిపడ్డాడు. కాగితంలో ఉన్నది ఇంతే:

"చార్మినార్ చుట్టూ పొద్దున్నే తిరగండి, తరవాత ఎండ, జనం. గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద దోసె, నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటాయి. లాడ్ బజార్‌లో చెప్పిన ధరలో సగానికి అడగండి. చీకటి పడేలోపు గదికి వచ్చేయండి."

తప్పేముంది ఇందులో?

రెండో_కప్పు:
బిస్కెట్ చాయ్‌లో ఎంతసేపు ముంచాలో రాయలేదు. అదే తప్పు.

లక్కగాజు:
"సగానికి అడగండి" దగ్గరే ఉంది తప్పు. మా మామూ నలభై ఏళ్ళుగా గాజులు చేస్తున్నాడు. లాడ్ బజార్ వెనక గల్లీలో బొగ్గుల కుంపటి, దాని మీద లక్క కరగాలి. వేడి మీదే సాగదీసి, గుండ్రంగా వంచి, ఆరకముందే ఒక్కో రాయి పొదగాలి. ఆయన వేళ్ళ కొసలు చూస్తే తెలుస్తుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి మురిసిపోయాం. అయినా దుకాణానికి వచ్చేవాళ్ళు కాగితం పట్టుకుని "మా హోస్ట్ సగం అన్నాడు" అంటారు. మీ గది అద్దె కూడా సగానికి అడగమని రాయండి మరి.

బెజవాడబాబు:
క్షమించాలి, నేను అనుభవించినవాణ్ణి. మా ఆవిడకు రెండు జతలు 1,800 పెట్టి కొన్నాను. అదే రోజు, అదే వరసలో మా మరదలు అలాంటివే 700కు తెచ్చుకుంది. మూడేళ్ళయింది, ఇప్పటికీ పండక్కి ఆ గాజులు తీసి చూపిస్తారు. ఇలాంటి కాగితం అప్పుడు నా చేతిలో ఉంటే ఇంట్లో నా పరువు దక్కేది.

లక్కగాజు:
అచ్చం లక్కో, ప్లాస్టిక్ మీద రాళ్ళు అతికించినవో చూశారా సార్?

బెజవాడబాబు:
గాజులే అనుకున్నానండీ.

రిటైర్డ్_మాస్టారు:
మీరంతా ధర దగ్గరే ఆగిపోయారు. అసలు కాగితంలో చరిత్ర ఎక్కడ? 1591లో కట్టిన చార్మినార్‌ను "చుట్టూ తిరగండి" అంటే సరిపోతుందా? 149 మెట్లు ఎక్కితే పైన మసీదు ఉందని ఎవరు చెబుతారు? మక్కా మసీదు పేరే లేదు. 1617లో మొదలుపెడితే ఔరంగజేబు కాలంలో 1694కు గానీ పూర్తి కాలేదు. మొహర్రంలో పీర్లు నిలిపే బాద్‌షాహీ అషుర్ఖానా పత్తర్‌గట్టి పక్కనే ఉంది, ఆ గోడల మీది రంగుల పలకలు చూడకుండా బిస్కెట్ తిని వెళ్ళిపోవడమేనా? 1908 మూసీ వరదలో ఆ పలకల్లో కింది భాగం దెబ్బతింది. పైవి మిగిలాయి. అక్కడ నిలబడితే నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఊహకు అందుతుంది.

హుస్సేనీఆలం_పాతిల్లు:
మాస్టారూ, చరిత్ర చెబితే రెండో పేజీ అవుతుంది. రెండో పేజీ ఎవరూ చదవరు. ఇక లక్కగాజు గారూ, బేరం లేని బజారు ఎక్కడుందండీ? మీ మామూ కూరగాయలు బేరం చేయకుండా కొంటారా?

లక్కగాజు:
బేరం చేయొద్దని నేను అన్నానా? బేరం వాళ్ళు చేసుకుంటారు. ఆటో దిగకముందే "అక్కడ అందరూ మోసగాళ్ళు" అని మీరు చెప్పి పంపుతున్నారు. ఇంతకీ మీరు రాత్రిపూట ఆ ఇంట్లో ఉంటారా?

హుస్సేనీఆలం_పాతిల్లు:
దానికీ దీనికీ సంబంధం ఏమిటి? కూకట్‌పల్లిలో ఉంటాను. రోజూ పొద్దున వస్తాను.

లక్కగాజు:
అదీ సంగతి! ఇప్పటిదాకా సగం ధర మీద కొట్లాడాను గానీ, నా కడుపు మండింది చివరి వాక్యానికి. "చీకటి పడేలోపు గదికి వచ్చేయండి." ఆ గది ఎక్కడుంది? మా గల్లీలోనే కదా! చీకటి పడ్డాక మేమంతా ఏం చేస్తామనుకుంటున్నారు? పిల్లలు హోంవర్క్ చేస్తారు, నేను సీరియల్ చూస్తాను. రంజాన్ నెలలో సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) దాకా దుకాణాలు తెరిచే ఉంటాయి, ఆడవాళ్ళం రాత్రి ఒంటిగంటకు గాజులు కొనుక్కుంటాం. పగలు మా ఇళ్ళ ఫోటోలు కావాలి, రాత్రి మేమంటే భయం.

రెండో_కప్పు:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

బెజవాడబాబు:
నేను రాత్రి పదిన్నరకు దారి తప్పితే ఒక కుర్రాడు బండి మీద ఎక్కించుకుని మెయిన్ రోడ్డు దాకా దింపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఇది కూడా నా అనుభవమే, చెప్పడం మర్చిపోయాను.

హుస్సేనీఆలం_పాతిల్లు:
సరే, చెబుతాను. 1990 డిసెంబర్ కర్ఫ్యూ నాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఇంట్లోనే ఉన్నాం. దీపాలార్పి, కిటికీలకు దుప్పట్లు కట్టి కూర్చున్నాం. నాన్న పాలకు వెళ్ళి గంటన్నర రాలేదు. ఆయనను లోపలికి లాగి తలుపేసుకుని కాపాడింది కూడా ఆ గల్లీవాళ్ళే. అయినా మరుసటేడు మేం ఇల్లు వదిలాం. "చీకటి పడేలోపు వచ్చేయ్" అనేది మా అమ్మ మాట. ముప్పై ఏళ్ళకు పైగా ప్రతి ఫోన్ కాల్‌లోనూ అంటుంది. కాగితం రాసేటప్పుడు అదే చేతికి వచ్చేసింది. మిమ్మల్ని అనాలని కాదు.

లక్కగాజు:
ఆ రోజుల్లో మా ఇంట్లోనూ దుప్పట్లే కట్టుకున్నారు. మేం ఇల్లు వదల్లేదు, అంతే తేడా. మీ అమ్మగారి భయాన్ని నేను కాదనను. కానీ అది ఢిల్లీ నుంచి వచ్చిన పిల్ల చేతిలో ఎందుకు పెట్టాలి? ఆ పిల్లకు 1990 తెలియదు, మేం మాత్రమే కనబడతాం.

హుస్సేనీఆలం_పాతిల్లు:
ఆ వాక్యం తీసేస్తాను. రాత్రి పూట గుల్జార్ హౌజ్ దాకా నడిచి రండి అని రాస్తాను. సగం ధర మాత్రం ఉంటుంది.

లక్కగాజు:
ముప్పావు అని రాయండి.

హుస్సేనీఆలం_పాతిల్లు:
చూశారా, బేరం మీరే మొదలుపెట్టారు.

రిటైర్డ్_మాస్టారు:
అషుర్ఖానా చేర్చారా లేదా?