జీరో టికెట్ డబ్బు మనుషుల లెక్కన ఇవ్వాలా, కిలోమీటర్ల లెక్కన ఇవ్వాలా?

మూసీ ఒడ్డు:
తెలంగాణలో ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఆంధ్రలో అలాంటిదే స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉండాలా వద్దా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ఉండాలనే నా మాట. ఆ ప్రయాణాల డబ్బు ఆర్టీసీకి ఏ లెక్కన చేరుతోంది, ఆ లెక్క బస్సును ఎటు లాగుతోంది అన్నదే నేను చర్చకు పెడుతున్నాను.

కండక్టర్ ఆడవాళ్లకు జీరో టికెట్ (సున్నా రూపాయల టికెట్) కొట్టినప్పుడు అసలు ఛార్జీ ఎంతో మిషన్‌లో ఎక్కుతుంది. ఆ మొత్తాన్ని ప్రభుత్వం సంస్థకు కట్టాలి. అంటే ఎంతమంది ఎక్కితే అంత డబ్బు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ డిపో మేనేజర్ వైపు నుంచి చూడండి. ఒక పల్లె ట్రిప్పులో 15 మంది, తలా 20 రూపాయల టికెట్ అనుకుందాం. 300 వస్తుంది. అదే బస్సును మెయిన్ రోడ్డు మీద తిప్పితే 50 మంది, తలా 40 అనుకున్నా 2,000 వస్తుంది. ఉన్న బస్సులు చాలవు, డ్రైవర్లు అసలే చాలరు. ఆయన బస్సును ఎటు పంపుతాడు?

అందుకే మెయిన్ రోడ్డు మీద నిలబడడానికి చోటు లేని బస్సులు, లోపలి ఊళ్లకు ఉన్న రెండు ట్రిప్పులు కూడా పోవడం, రెండూ ఒకేసారి చూస్తున్నాం. పథకం తప్పు కాదు ఇది. డబ్బు లెక్కగట్టే పద్ధతిలో ఉంది తప్పు. లోపలి రూట్ల వరకైనా తలల లెక్క మానేసి, తిరిగిన కిలోమీటర్‌కు ఇంత అని ప్రభుత్వం కట్టాలి. ఎవరైనా కాదంటే ఎందుకో చెప్పండి.

పాత కండక్టర్:
నేను చాలా ఏళ్లు పల్లెవెలుగులోనే చేశాను. రూటు ఎలా పోతుందో చెప్తాను, ఎందుకంటే బయటివాళ్లు ఒక్క ఆర్డర్‌తో తీసేస్తారనుకుంటారు. అలా జరగదు.

ముందు ఆదివారం ట్రిప్పు పోతుంది, బడి లేదు కదా అని. తర్వాత మధ్యాహ్నం ట్రిప్పు. ఆ రోజు స్పేర్ బస్సు లేదనో, డ్రైవర్ సెలవు పెట్టాడనో ఆపుతారు. వారం తర్వాత కూడా అది తిరిగి రాదు. ఊళ్లో జనం రెండుసార్లు స్టాపు దగ్గర నిలబడి చూస్తారు, మూడోసారి ఆటో ఎక్కుతారు. దాంతో పొద్దుటి ట్రిప్పులో కూడా జనం తగ్గుతారు. వచ్చేటప్పుడు బస్సు ఉంటుందో ఉండదో తెలియనివాడు పోయేటప్పుడు మాత్రం ఎందుకు ఎక్కుతాడు? అప్పుడు వేబిల్లు (ట్రిప్పు వసూళ్ల లెక్క కాగితం) చూసి, ఈపీకే (కిలోమీటర్‌కు వచ్చే రాబడి) పడిపోయింది, ఓఆర్ (సీట్లు నిండే శాతం) లేదు అని మొత్తం సర్వీసే ఎత్తేస్తారు. కాగితం మీద ఆ తీర్మానానికి వంక పెట్టలేం. ఆ అంకె అంత కిందికి ఎలా దిగిందో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

ఇంకోటి నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఊళ్లో పడుకుని తెల్లవారి ఐదున్నరకు కదిలే బస్సు. పాల క్యాన్లు, కూరగాయల మూటలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, అందరూ దాన్నే నమ్ముకునేవాళ్లు. పంచాయతీ ఆఫీసు వరండాలో నేనూ డ్రైవరూ పడుకునేవాళ్లం. ఇప్పుడు కండక్టర్లలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. గది లేదు, బాత్రూమ్ లేదు, తలుపుకి గొళ్లెం లేదు. ఆ డ్యూటీ వాళ్లకు ఎలా వేస్తారు? ఒక గది, ఒక బాత్రూమ్ కట్టిస్తే బతికే రూట్లు ఉన్నాయి. కిలోమీటర్‌కు ఎంత అన్న లెక్కతో పాటు ఇది కూడా రాసుకోండి మూసీ ఒడ్డు గారూ.

కోనసీమ కుర్రాడు:
మీరిద్దరూ ఆర్టీసీనే నడపాలి అని ముందే తేల్చేసుకుని మాట్లాడుతున్నారండి. అది ఎందుకు? జాతీయం చేసిన, అంటే ఆర్టీసీకే వదిలేసిన రూట్లలో ప్రైవేటు బస్సుకి పర్మిట్ ఇవ్వరు. ఆర్టీసీ రాదు, ఇంకొకణ్ణి రానివ్వదు. మధ్యలో ఊరోళ్లు వేలాడుతూ సెవెన్ సీటర్‌లో పదిహేను మంది వెళ్తారు.

తమిళనాడు చూడండి. అక్కడ ఆడవాళ్లకు టౌన్ బస్సు 2021 నుంచే ఉచితం. అయినా బస్సు వెళ్లని ఊళ్లకు 1997లోనే ప్రైవేటు మినీబస్సులకు పర్మిట్లు ఇచ్చారు. 2025లో ఆ పథకాన్నే కొత్తగా మార్చి, రూటు నిడివి 25 కిలోమీటర్ల దాకా పెంచారు. ఇరవై సీట్ల చిన్న బండికి డీజిల్ తక్కువ, ఇరుకు రోడ్డులో తిరుగుతుంది, డ్రైవర్ ఆ ఊరివాడే ఉంటాడు. మా మామయ్య ఆటో నడుపుతాడు. ఉచితం వచ్చాక మెయిన్ రోడ్డు బేరాలు పడిపోయాయి. 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు 15,000 ఇచ్చింది, కాదనను. కానీ అలాంటివాళ్లు నలుగురు కలిసి ఒక మినీబస్సు కొనుక్కుని పర్మిట్‌తో లోపలి రూటు నడిపితే ప్రభుత్వానికి రూపాయి ఖర్చు ఉండదు కదా?

శ్రీ టీచర్:
తమ్ముడూ, ఆ మినీబస్సు మా బడి పిల్లల పాస్ ఒప్పుకుంటుందా? సాయంత్రం నాలుగున్నరకు పదిమంది ఆడపిల్లల కోసం కదులుతుందా, బండి నిండేదాకా ఆరింటి వరకు ఆగుతుందా?

నేను పనిచేసేది జెడ్పీ హైస్కూల్లో. మా పిల్లలు నాలుగైదు ఊళ్ల నుంచి వస్తారు. సాయంత్రం బస్సు ఆగిపోయిన ఏడాది ఒక ఊరి నుంచి తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు మానేయడం మొదలైంది. చదువు రాక మానేసినవాళ్లు కాదు వాళ్లు. ఒక అమ్మాయి తండ్రి నా దగ్గరకు వచ్చి, "మేడం, చలికాలంలో ఆరింటికి చీకటి పడుతుంది, రోజూ నేను వచ్చి తీసుకుపోతే కూలి పోతుంది" అన్నాడు. ఆయనకు నేనేం చెప్పాలి? ఆ పిల్ల దగ్గర పాస్ ఉంది. పైసా కట్టక్కర్లేదు. బస్సే లేదు. మూసీ ఒడ్డు గారు అన్నదాంట్లో నాకు నచ్చింది అదే. ఉచితం అనే హక్కు ఊరి పొలిమేర దాటి లోపలికి రావాలంటే ట్రిప్పుకి డబ్బు కట్టాలి.

లెక్కల మనిషి:
నేను కిలోమీటర్ లెక్కకు వ్యతిరేకం. పూర్తిగా కాదు గానీ, జాగ్రత్త పడాలంటాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. అద్దె బస్సులకు ఆర్టీసీ ఇచ్చేది కిలోమీటర్ లెక్కనే. బండి, డ్రైవర్ యజమానివి, కండక్టర్ సంస్థ మనిషి. కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ బస్సులు కూడా అంతే. 2023లో కేంద్రం తెచ్చిన పీఎం ఈ-బస్ సేవలోనూ, ఆ తర్వాత హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 ఎలక్ట్రిక్ బస్సుల్లోనూ నడిపే కంపెనీకి కిలోమీటర్‌కు ఇంత అని ఇస్తారు, జనం ఎక్కినా ఎక్కకపోయినా. అలాంటప్పుడు నడిపేవాడికి కావలసింది కిలోమీటర్లు, ప్రయాణికులు కాదు. చెయ్యెత్తిన ముసలమ్మ దగ్గర ఆపితే అతనికి నిమిషం దండగ. ఆపకపోతే నష్టమేమీ లేదు. తలల లెక్క తీసేస్తే రేపు పల్లె బస్సు ఖాళీగా దూసుకుపోతుంది, బిల్లు మాత్రం వస్తుంది.

రెండో మాట. డబ్బు ఎక్కడిది? హైదరాబాద్ సిటీ బస్సుల నష్టాన్ని జీహెచ్‌ఎంసీ భరించాలన్నారు, కొంత కట్టింది, ఆపేసింది. 2019 సమ్మెలో ఆ బాకీ సంగతి హైకోర్టు దాకా వెళ్లింది, మేం కట్టాల్సిన పని లేదని జీహెచ్‌ఎంసీ అంది. అంత పెద్ద నగరపాలక సంస్థే చేతులెత్తేస్తే మండలాలు ఏం కడతాయి? డీజిల్ సంగతి కూడా గుర్తుంచుకోండి. 2022 మార్చిలో ఆర్టీసీలాంటి పెద్ద కొనుగోలుదార్లకు అమ్మే టోకు ధర లీటర్‌కు 25 రూపాయలు ఒక్కసారిగా పెరిగితే, ఆర్టీసీ బస్సులు బయటి బంకుల్లో క్యూ కట్టాయి. ఆ మరుసటి నెలే తెలంగాణలో టికెట్‌పై డీజిల్ సెస్ వేశారు. ఈ ఏడాది కట్టిన రేటు వచ్చే ఏడాదికి చాలదు.

మూసీ ఒడ్డు:
లెక్కల మనిషి గారు చెప్పిన ప్రమాదం నిజం. అందుకే నా మాటను ఇంకొంచెం విడమరుస్తాను. తిరిగిన ప్రతి కిలోమీటర్‌కూ కాదు, ఊరి స్టాపులో గోడ మీద రాసిపెట్టిన టైముకు వచ్చిన ట్రిప్పుకే డబ్బు. పదిహేను నిమిషాలు దాటితే కోత, రాకపోతే సున్నా. బస్సు ఎక్కడుందో చూపించే గమ్యం యాప్ తెలంగాణలో 2023 నుంచే ఉంది. ఆ లెక్కను గ్రామసభలో నెలకోసారి చదివితే చాలు. ఎక్కిన మనిషికి కొంత కలిపి ఇవ్వండి, ముసలమ్మ దగ్గర బస్సు ఆగుతుంది. అంటే ట్రిప్పుకు ముఖ్య భాగం, తలకు కొసరు.

డబ్బు మండలం దగ్గర అడగను. రోడ్డు ట్యాక్స్, డీజిల్ మీద వ్యాట్ వసూలు చేసేది రాష్ట్రం. పల్లె బండ్ల నుంచి కూడా వస్తుంది అది. ఆంధ్రలో 2020 జనవరి నుంచి ఉద్యోగుల జీతాలు ప్రభుత్వమే ఇస్తోంది కాబట్టి అక్కడ ట్రిప్పుకు అదనంగా పడేది డీజిల్, టైర్లు, రిపేర్లు. అక్కడ ఇది ఇంకా సులువు.

తెలంగాణలో ప్రయోగం చేయడానికి ఒక దారి ఇప్పటికే ఉంది. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యల పేరున 150 బస్సులు ఆర్టీసీకి అద్దెకిచ్చారు. బస్సుకు నెలకు 77,220 రూపాయలు. జనం తక్కువైనా అద్దె ఆగదు. ఏ సమాఖ్య బస్సు ఆ మండలంలోని లోపలి ఊళ్లకు కొన్ని ట్రిప్పులైనా తిరగాలి అన్న షరతు ఎందుకు పెట్టకూడదు? ఆ మహిళలే తమ ఊరి టైము చెప్తారు.

కోనసీమ కుర్రాడు:
సమాఖ్య బస్సుల మాట బాగుంది. కానీ రూటు వేసేది మళ్లీ డిపోయే. వాళ్లు మెయిన్ రోడ్డు మీదే వేస్తే ఎవరు అడుగుతారు? ఆర్టీసీ ఆరు నెలలు తిప్పని రూటును ఎవరికైనా ఇవ్వొచ్చు అనే నిబంధన కూడా పెట్టండి. పాస్ ఒప్పుకోవాలని, టైముకు కదలాలని పర్మిట్‌లోనే రాయండి టీచర్ గారూ, తప్పితే పర్మిట్ రద్దు. ట్రిప్పుకు డబ్బు ఇస్తానంటే నడిపేవాడు ఎవరైతే ఏంటి?

శ్రీ టీచర్:
పాస్, టైము రాతపూర్వకంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ రద్దు చేసిన రోజు మా పిల్లలు ఎలా ఇంటికి వెళ్తారు? ఆ రోజుకి బండి పంపే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. నా దృష్టిలో అది ఆర్టీసీదే.

పాత కండక్టర్:
వాదన తెగేలోపు చేయగలిగింది ఒకటుంది. బడులు తెరిచే జూన్‌కు ముందు డిపోలో షెడ్యూళ్లు సవరిస్తారు. అర్జీ అప్పటికే అందాలి. "మా ఊరికి బస్సు వేయండి" అని రాస్తే ఫైల్లో పడుంటుంది. ఏ స్టాపు, ఏ టైము, బడి ఎన్ని గంటలకు వదులుతారు, పాస్ ఉన్న పిల్లలు ఎంతమంది, వారంలో సంత ఏ రోజు, ఇవన్నీ రాసి హెడ్మాస్టర్ సంతకం, పంచాయతీ తీర్మానం జత చేయండి. డిపోలో ఒక కాపీ, సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఒక కాపీ. రాత్రి బస్సు కావాలంటే సిబ్బందికి గది, బాత్రూమ్ మేమిస్తాం అని తీర్మానంలోనే రాయండి. టీచర్ గారూ, మీ బడి పిల్లల లిస్టు ఊళ్ల వారీగా ఉంటే ఇక్కడ అంకెలు మాత్రం పెట్టండి, పేర్లు వద్దు. అర్జీ నేను రాసిపెడతాను.