అప్‌డేట్: మా బడి పత్రిక బయటికొచ్చింది

బొబ్బిలి దగ్గర మా హైస్కూల్లో పిల్లల చేత పత్రిక తేవాలనుంది, డబ్బుల్లేవు, ఎలా అని రెండు నెలల కిందట అడిగాను. ముందు గోడపత్రిక పెట్టండి, తర్వాత జిరాక్స్ కాపీలు తీయండి అన్నారు చాలామంది. అలాగే చేశాం.

గోడపత్రిక మూడు వారాలు నడిచి వాన జల్లుకి తడిసి ముద్దయింది. (వరండాలో పెట్టడం నా తెలివితక్కువే.) దాంతో రెండు ఏ3 కాగితాలు మధ్యకి మడిచి 8 పేజీల పత్రిక చేశాం. పైకాగితానికి ఒకవైపు 8, 1, రెండోవైపు 2, 7 రావాలి. మేం వరసగా 1, 2 వేసేశాం. మడిచి చూస్తే 2వ పేజీ అట్ట మీదికొచ్చింది, 1 వెనక్కి పోయింది! 40 కాపీలు దండగ.

అన్నిటికంటే బాగా వచ్చింది తొమ్మిదో తరగతి ఆడపిల్లలు రాసిన వీణల వ్యాసం. గొల్లపల్లి వెళ్లి, ఒకే పనస దుంగను తొలిచి వీణ చేయడం దగ్గరుండి చూసొచ్చారు. ఒకమ్మాయి పసుపుపచ్చటి ఆ చెక్కపొట్టు కవర్లో తెచ్చి, ప్రతి కాపీలో చిటికెడు అంటిస్తానంది. సరేనన్నాను, జిగురు ఖర్చు నాదే.

రెండో సంచికలో సైన్స్ క్లబ్బు వాళ్లకి అరపేజీ కావాలట. హెచ్‌ఎం గారు మాత్రం ఒక్కటే అడిగారు: "నా సందేశం ఏదమ్మా?"