వాటర్ పార్కు మీద డ్రోన్ ఎగరవేయడానికి యజమాని అనుమతి ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: చంద్రగిరి స్టూడియో

అందరికీ నమస్కారం. నేను చంద్రగిరిలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాను. తిరుపతి నుంచి రేణిగుంట వైపు వెళ్లే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక వాటర్ పార్కు యజమాని వేసవి సెలవుల ప్రచారానికి వీడియో తీయమని అడిగారు. ఆదివారం మధ్యాహ్నం, వేవ్ పూల్ నిండా జనం ఉన్నప్పుడు, ఎత్తైన స్లైడ్ మీద నుంచి జారే పిల్లల వెంటే డ్రోన్ కూడా కిందికి దిగుతూ తీయాలన్నది ఆయన కోరిక. "స్థలం నాది, నేను ఒప్పుకున్నాను, ఇంకెవరినీ అడగనక్కర్లేదు" అంటున్నారు. నా డ్రోన్ బరువు 249 గ్రాములే కాబట్టి దానికి ఏ నిబంధనా వర్తించదని తోటి ఫోటోగ్రాఫర్ ఒకరు చెప్పారు. అమెరికాలో ఉంటున్న మా పెదనాన్న కొడుకేమో అక్కడి డిస్నీ పార్కుల మీద డ్రోన్ ఎగరవేయనివ్వరని అంటున్నాడు. మన దేశంలో పార్కులకు అలాంటి నిషేధం ఉందా? అడ్వాన్సు ఇంకా తీసుకోలేదు కాబట్టి వివరంగా తెలుసుకున్న తరువాతే మాట ఇద్దామనుకుంటున్నాను.

జవాబు: రేణిగుంట పైలట్

నేను శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకున్నవాడిని. మీ ప్రశ్నలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి కనుక విడదీసి చెబుతాను.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు వినోద పార్కులను పేరు పెట్టి నిషేధించలేదు. అవి ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. మీ విషయంలో అసలు చిక్కు పార్కుతో కాదు, రేణిగుంటలో ఉన్న విమానాశ్రయంతో. విమానాశ్రయం సరిహద్దు నుంచి 5 కిలోమీటర్ల లోపు ఎరుపు మండలం. అక్కడ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరవేయకూడదు. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల మీద నుంచే పసుపు మండలం మొదలవుతుంది, కాబట్టి పది అడుగులు లేపాలన్నా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి తీసుకోవాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు ఆకుపచ్చ, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని మండలం, ఆ పైన పసుపు. ఆ వలయాలన్నీ దాటాక, వేరే నిషేధమేదీ లేని చోట, 400 అడుగుల వరకు ఆకుపచ్చ. ఈ మండలాలను చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ పటం డిజిటల్ స్కై మ్యాప్‌లో పార్కు గేటును మాత్రమే చూసి ఊరుకోకండి. విశాలమైన స్థలమైతే ఒక మూల పసుపులోను, మరో మూల ఆకుపచ్చలోను పడవచ్చు. నాలుగు మూలలూ చూడండి, ఎగరవేసే రోజు ఉదయం మళ్లీ చూడండి, ఎందుకంటే పోలీసు శాఖ తాత్కాలికంగా కూడా ఎరుపు మండలం ప్రకటించవచ్చు.

స్థలం యజమాని అనుమతి మీరు అక్కడ నిలబడి పని చేసుకోవడానికి పనికి వస్తుంది. పైనున్న ఆకాశం ఆయనది కాదు.

ఇక బరువు సంగతి. 250 గ్రాముల వరకు నానో తరగతి కనుక మీకు పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాకపోవచ్చు. అయితే మండలాల నియమాలు నానోకూ వర్తిస్తాయి, విశిష్ట గుర్తింపు సంఖ్య కోసం నమోదు చేయించడమూ తప్పదు. మీ డ్రోన్ ఎక్కడ కొన్నారో కూడా చూసుకోండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది, బిల్లు లేకుండా ఎవరి చేతి మీదుగానో వచ్చిన డ్రోన్‌కు ఆ సంఖ్య రాదు. నియమాలను ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

జవాబు: తిరుచానూరు వాసి

నేను కొన్నేళ్లు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండోలో ఉద్యోగం చేశాను. మీ అన్నగారు చెప్పింది నిజమే. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లోని డిస్నీ పార్కుల చుట్టూ 3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 5.5 కిలోమీటర్ల మేర, 3,000 అడుగుల ఎత్తు వరకు విమానాలకే నిషేధం ఉంది. ఇరాక్ యుద్ధానికి ముందు 2003లో భద్రత పేరుతో వచ్చిన నిషేధమది, డ్రోన్ల కోసం పెట్టింది కాదు. ఆ తరువాత వచ్చిన డ్రోన్లు కూడా దాని కిందికే చేరాయి. 2016లో డిస్నీ సంస్థ తన సొంత స్థలంలో 300 డ్రోన్లతో ప్రదర్శన ఇవ్వాలనుకున్నప్పుడు తానే విమానయాన శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. "స్థలం నాది" అన్న మాట అక్కడా చెల్లలేదు.

అనుమతి ఉన్నంత మాత్రాన ప్రమాదం జరగదనీ కాదు. 2024 డిసెంబరులో అదే ఓర్లాండోలో లేక్ ఈయోలా అనే చెరువు దగ్గర అనుమతితోనే జరిగిన క్రిస్మస్ డ్రోన్ ప్రదర్శనలో కొన్ని ఒకదాన్నొకటి గుద్దుకుని జనం మీద పడ్డాయి. ఏడేళ్ల పిల్లవాడి ఛాతీకి గాయమై గుండె శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జవాబు: చిత్తూరు కెమెరా

తమ్ముడూ, చట్టం సంగతి పెద్దలు చెప్పారు, నేను చేతి పని గురించి చెబుతాను. రెండేళ్ల కిందట కాణిపాకం దగ్గర ఒక తోటలో పెళ్లి తీస్తున్నప్పుడు నా డ్రోన్‌కు రిమోట్‌తో సంబంధం తెగిపోయింది. తెగితే తనంతట తాను బయలుదేరిన చోటికి వస్తుందని నిశ్చింతగా ఉన్నాను. తిరిగి వచ్చే ఎత్తును 20 మీటర్లకు పెట్టి ఉంచిన సంగతి మరిచిపోయాను. అది తిన్నగా వచ్చి అంతకంటే ఎత్తైన కొబ్బరి చెట్టు మట్టకు తగిలి, వంట చేస్తున్న చోట, పప్పు గుండిగకు రెండడుగుల దూరంలో పడింది. వంటామె చేయి అప్పుడే వెనక్కి తీసింది. విరిగిన రెక్క ఒకటి ఇప్పటికీ నా కెమెరా సంచిలో ఉంది, ప్రతిసారీ బయలుదేరే ముందు దాన్ని చూసుకుంటాను.

వాటర్ పార్కులో ఇంతకంటే ఎక్కువ చిక్కులుంటాయి. స్లైడ్లను మోసే ఇనుప స్తంభాల దగ్గర డ్రోన్ దిక్సూచి తప్పుతుంది. కదిలే నీటి మీద తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు, అడుగు భాగంలో నేలను గుర్తించే సెన్సర్లు నీటి కదలికనే నేల కదలికగా పొరబడి డ్రోన్‌ను పక్కకు జరుపుతాయి. మీ యజమాని అడుగుతున్న షాట్‌లో ఈ రెండూ ఉన్నాయి, కింద తలకు ఏ రక్షణా లేని పిల్లలున్నారు. 249 గ్రాములే కదా అనుకోవద్దు, తిరిగే రెక్క కంటికి తగిలితే చాలు.

జవాబు: అలిపిరి అమ్మ

ఇద్దరు ఆడపిల్లల తల్లిగా ఒక మాట రాస్తున్నాను. మేము అలాంటి చోటికి వెళ్లేది చుట్టూ ప్రహరీ ఉందన్న ధైర్యంతోనే. బట్టలు మార్చుకునే గదులకు చాలాచోట్ల పైకప్పు పూర్తిగా ఉండదు. ఏకాంతంగా ఉన్నానని నమ్ముకున్న స్త్రీని చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ తడిబట్టలతో ఉన్న మా పిల్లలు ప్రచార వీడియోలో కనిపించడానికి టికెట్ కొన్నంత మాత్రాన మేము ఒప్పుకున్నట్టు కాదు. గేటు దగ్గర బోర్డు పెట్టడం కూడా చాలదు, అడగాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు: చంద్రగిరి స్టూడియో

అందరికీ కృతజ్ఞతలు. మ్యాప్‌లో చూశాను, పార్కు మొత్తం 8 నుంచి 12 కిలోమీటర్ల వలయంలో ఉంది. అంటే 200 అడుగుల లోపు నాకు దారి ఉంది, కానీ జనం మీద ఎగరవేయను. పార్కు తెరవకముందు ఉదయం ఏడింటికి, ఒప్పుకుని వచ్చిన నలుగురు పెద్దవాళ్లు స్లైడ్ మీద ఉండగా, వారి తల మీద నుంచి కాకుండా పక్కగా దూరం నుంచి తీస్తానని యజమానికి చెప్పాను. తిరిగి వచ్చే ఎత్తును అన్నిటికంటే ఎత్తైన స్లైడ్ కంటే 15 మీటర్లు పైకి పెడతాను. గదుల వైపు కెమెరా తిప్పను. ఆదివారం జనసందోహం తప్పనిసరి అనుకుంటే, అడిగి ఒప్పుకున్న కుటుంబాలను మాత్రమే, డ్రోన్ లేకుండా, చేతి కెమెరాతో తీస్తాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, సోమవారం వరకు గడువు అడిగారు. అప్పటికీ పిల్లల తల మీద నుంచే కావాలంటే ఈ పని వదులుకుంటాను.