అప్‌డేట్: పాపకు సీలెంట్లు వేయించాం

మా ఏడేళ్ల పాపకు కొత్తగా వచ్చిన దవడ పళ్లకు సీలెంట్లు (పుచ్చు రాకుండా పన్ను పైనున్న గాడులను మూసే పల్చటి పూత) వేయించాలా, పుచ్చు వచ్చాక చూసుకోవచ్చా అని ఇక్కడ అడిగాను కదా. వేయించేశాం. కొందరు అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లమన్నారు గానీ, మాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరే పిల్లల డెంటిస్ట్ దొరికారు.

ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు. నా టెన్షన్ అంతా దాని గురించే! పన్ను శుభ్రం చేసి, పక్కన దూది పెట్టి, పైన జెల్ రాశారు. కడిగి ఆరబెట్టాక పన్ను సుద్దముక్కలా తెల్లగా కనిపించింది. అలా మారితేనే సీలెంట్ గట్టిగా పట్టుకుంటుందట, ఉమ్మి తగిలితే మళ్లీ మొదలుపెట్టాలట. తర్వాత గాడుల్లోకి పల్చటి రెజిన్ (ప్లాస్టిక్ లాంటి ద్రవం) వదిలి, నీలం లైటుతో గట్టిపరిచారు. పాపకు నచ్చనిది జెల్ పులుపు ఒక్కటే.

ఎందుకు ఒప్పుకున్నానంటే, ఆ గాడులు బ్రష్ పోగు కూడా దూరనంత సన్నగా ఉంటాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం దవడ పళ్ల పుచ్చుల్లో 80 శాతాన్ని సీలెంట్లు రెండేళ్లపాటు ఆపుతాయి, నాలుగేళ్ల వరకు 50 శాతాన్ని. పళ్ల సందుల్లో వచ్చే పుచ్చును మాత్రం ఆపలేవు, కాబట్టి ఫ్లోరైడ్ పేస్టుతో రెండుపూటలా తోమడం మామూలే.

ఆరేళ్ల పిల్లలున్నవాళ్లు ఒకసారి నోరు తెరిపించి చూడండి. పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి ఈ మొదటి శాశ్వత దవడ పళ్లు. చాలామంది పాలపళ్లే అనుకుని వదిలేస్తున్నారు, అదే నాకు బాధ. మా పాపకు పన్నెండేళ్లప్పుడు వచ్చే రెండో దవడ పళ్లకూ వేయిస్తాను.